ఏడో జత

జూన్ 3

తీగల సన్నాసికి,

నీ గుండుసూది రాస్తున్నది. సొరంగంలో ఫోను అందదని తెలిసి కూడా నాలుగైదుసార్లు చేశాను. నువ్వు అందుబాటులో లేవని చెప్పే ఆవిడతో ఇప్పుడు నాకు మంచి స్నేహం కుదిరింది. ఇక లాభం లేదని కాగితం తీశాను. మీ క్యాంపుకి సరుకులు తెచ్చే బండివాడు దీన్ని బియ్యం బస్తా కింద పడేయకుండా నీ చేతికిస్తాడనే ఆశతో ఉన్నాను.

మేం పాత ఇల్లొకటి కొన్నామని చెప్పాను కదా. ముందు గదిలో నా కళ్ళజోళ్ళ పని. దాని వెనక హాలు, వంటిల్లు, అత్తయ్య గది, మా పడగ్గది. మేడమీద ఒక గది. మొత్తం ఆరు. ప్రతి గది పైకప్పులోనూ గుండ్రంగా ఒక జాలీ ఉంది. మాస్టారు వాటిని గాలి కోసం పెట్టారన్నారు. (మీ బావనే అంటున్నాను. బడిలో లెక్కలు చెప్పీ చెప్పీ ఇంట్లో కూడా ఆయన పేరు మాస్టారే అయిపోయింది.) నేను కుర్చీ వేసుకుని ఎక్కి చూశాను. ఎంతైనా నాన్న కూతుర్ని కదా, చూడగానే తెలిసిపోయింది. అన్నీ స్పీకర్లు. మెట్ల కింద ఒక అల్మరా ఉంది, తీగలన్నీ అక్కడికి వచ్చి చేరాయి. యాంప్లిఫయరు మాత్రం లేదు. పాత ఇంటాయన పట్టుకుపోయినట్టున్నాడు.

వాటితో నాకు నిజంగానే పని పడింది. అత్తయ్య సంగతి నీకు పూర్తిగా రాయలేదు. ఆవిడ మతిమరుపు ఇప్పుడు తాళంచెవులు మర్చిపోవడం దాటిపోయింది. మొన్న వంటింట్లోంచి బయటికొచ్చి మెట్ల దగ్గర నిలబడిపోయింది. ఎటు వెళ్ళాలో తెలియలేదు. "అమ్మాయ్, నా గది ఎవరో తీసేశారే" అని నేను వెళ్ళేసరికి ఏడుస్తోంది. అంతవరకు నేను ముందు గదిలో అద్దం అరగదీస్తున్నాను. ఆ మెషిన్ రొదలో నాకు వినపడలేదు. వినపడినా మధ్యలో వదిలి లేస్తే అద్దం పాడైపోతుంది. అరిస్తే నా గొంతు హాలు దాటదు. ఆవిడ ఎంతసేపు అలా నిలబడిందో నాకు తెలియదు. ఆ సంగతి తలుచుకుంటే నాకు అన్నం సయించడం లేదు.

అందుకని నా బల్ల మీద ఒక మైకు ఉండాలి. నేను కూర్చున్న చోటునుంచే "అత్తయ్యా, కుడివైపు తిరగండి, అదే మీ గది" అని చెప్పగలగాలి. దుకాణానికి వెళితే అక్కడి కుర్రాయన ఒక పెద్ద యాంప్లిఫయరు కొని స్విచ్చి పెట్టె తగిలించుకోమంటాడు, కాదంటే గదికొక చిన్నది కొనమంటాడు, ఇంకా ఏదేదో అంటాడు. నా బుర్ర తిరిగిపోయింది. నువ్వు చెప్పు, ఏది కొనను? ఆ కుర్రాయన మాట కన్నా నీ తిట్లే నయం.

ఇట్లు,
గుండుసూది


జూన్ 14

గుండుసూదికి,

ఉత్తరం చేరింది. బియ్యం వాసన కూడా దానితోపాటే చేరింది. ఇక్కడ మేం కొండ కడుపులో స్పీకర్లు బిగిస్తున్నాం. లోపల పనివాళ్ళకి "బయటికి రండి" అని చెప్పడానికి. ఇప్పటివరకు ఆ మాట చెప్పాల్సిన అవసరం ఒక్కందుకే వచ్చింది, భోజనాలకి. నా గదిలో పడుకునే, కొండరాయి తొలిచే డ్రిల్లరు గురక పెడితే పైనుంచి మట్టి రాలుతుంది.

ఇక నీ సంగతి. స్విచ్చి పెట్టెది వద్దు. ఒక యాంప్లిఫయరు మీద ఆరు గదుల స్పీకర్లనీ వేలాడదీస్తే అన్నీ ఒకేసారి మోగినప్పుడు దాని ప్రాణం మీదికొస్తుంది. వేడెక్కి ఆగిపోతుంది. నీకు మైకు అవసరమైన సమయానికే అది ఆగిపోతుంది కూడా. గదికొక చిన్నది కూడా వద్దు. ఒక్కోదానికి ఒక్కో స్విచ్చి, అత్తగారు ఏదో ఒకటి ఆపేస్తారు. నీకు కావలసింది ఒకటే పెట్టె, కానీ లోపల గదికొక యాంప్లిఫయరు విడివిడిగా ఉండేది. ఒకటి పోయినా మిగతావి పనిచేస్తాయి. మైకు నొక్కితే మాట అన్ని గదులకీ వెళుతుంది. ఆరు దారులదీ దొరుకుతుంది, ఎనిమిది దారులదీ దొరుకుతుంది. ఏది అన్నది కొనేముందు తీగలు చూసి చెప్పాలి.

కాబట్టి నాన్న పరీక్ష చెయ్యి. గుర్తుందా? సినిమా హాలు ఖాళీగా ఉన్నప్పుడు ఆయన మెషిన్ గదిలో కూర్చుని ఒక్కో తీగల జతకీ టార్చిలైటు బ్యాటరీ తాకించేవాడు. ఆ జత ఏ స్పీకరుదైతే అది టిక్ మనేది. మనం హాలంతా పరుగెత్తి దాని కింద నిలబడి "ఇక్కడ!" అని అరవాలి. అరిచాక నాన్న వచ్చి చూసేదాకా అక్కడినుంచి కదలకూడదు. నువ్వు ఒకసారి మూత్రం ఆపుకోలేక కూడా కదలలేదు, ఆ సంగతి నేను ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

అల్మరాలో ఎర్ర తీగ ఒకటి, నల్ల తీగ ఒకటి కలిపి జతలుగా ఉంటాయి. ఒక్కో జతకీ బ్యాటరీ తాకించు. ఎవరినైనా గదుల్లో తిరగమను. ఏ జత ఏ గదిదో రాసి పంపు.

నీ అన్నయ్య


జూన్ 22

అన్నయ్యా,

ఆ మూత్రం సంగతి ఇంకోసారి రాశావంటే నీ పెళ్ళిచూపుల్లో ఏం జరిగిందో మీ డ్రిల్లరుకి ఉత్తరం రాస్తాను.

పరీక్ష చేశాను. ఎవరితో చేశాననుకున్నావు? అత్తయ్యతో! మాస్టారు బడికి వెళ్ళారు. "అత్తయ్యా, ఒక ఆట ఆడదాం, పైన టిక్ మంటే ఇక్కడ అని అరవాలి, నేను వచ్చేదాకా కదలకూడదు" అన్నాను. ఆవిడ మొహం చూడాల్సింది. కొంగు బిగించి హాల్లో నిలబడింది. నేను బ్యాటరీ తాకించడం, ఆవిడ చెవి నిక్కబొడుచుకోవడం, మెల్లిగా ఆ గదికి వెళ్ళి "ఇక్కడ!" అనడం. నేను పరుగెత్తుకెళ్ళి ఆవిడ భుజం తట్టడం. మేడమీదికి కూడా ఎక్కింది. గోడలు ఎటున్నాయో మర్చిపోయే మనిషి ఒక్క గది కూడా తప్పు చెప్పలేదు. మళ్ళీ ఎప్పుడాడతామని సాయంత్రం దాకా అడుగుతూనే ఉంది. నాకు సంతోషంతో ఏడుపొచ్చింది.

కానీ అల్మరాలో ఉన్నవి ఆరు జతలు కావు. ఏడు. ఏడోది మిగతా వాటికన్నా లావుగా, చల్లగా ఉంది. ఎందుకు చల్లగా ఉందని అడక్కు, పట్టుకుంటే అలా అనిపించింది, అంతే. దానికి బ్యాటరీ తాకించాను. టిక్ వినపడలేదు. కాసేపాగి, ఎక్కడో లోపలినుంచి, గోడ వెనకాల ఇంకో గోడ ఉంటే దాని వెనకనుంచి వచ్చినట్టు, "ఇక్కడ" అని వినిపించింది.

"ఏ గదిలో ఉన్నారత్తయ్యా?" అని గట్టిగా అరిచాను. అప్పుడు నా భుజం మీద చెయ్యి పడింది. అత్తయ్య నా వెనకాలే నిలబడి ఉంది. కాళ్ళు నొప్పెట్టి వచ్చేసిందట. "నేనిక్కడే ఉంటే ఎవరిని పిలుస్తున్నావే?" అంది.

మాస్టారికి చెబితే పగలబడి నవ్వారు. "ఆరు గదులకి ఏడు తీగలు రావడం లెక్క తప్పు. తప్పు లెక్కకి జవాబు ఎలా వస్తుంది?" అన్నారు. నేను మాత్రం ఆ రోజంతా మళ్ళీ అల్మరా తలుపు తెరవలేదు. ఏడోదాన్ని కలపనా, వదిలెయ్యనా? ఆరు దారులది కొననా, ఎనిమిదిదా?

గుండుసూది


జూలై 2

గుండుసూదికి,

అత్తగారు నాన్న ఆట ఆడారని చదివి మా క్యాంపులో అందరికీ వినిపించాను. డ్రిల్లరు కూడా కళ్ళు తుడుచుకున్నాడు. గురక పెట్టేవాళ్ళకి మనసు మెత్తన.

ఏడో జత గురించి భయపడకు. ఇలాంటివి నేను చాలా చూశాను. పక్కపక్క ఇళ్ళు ఒకే మేస్త్రీ కట్టినప్పుడు ఒక ఇంటి తీగ ఇంకో ఇంట్లోకి పోతుంది. అది మీ పక్కింటి గదిలో స్పీకరుకి వెళ్ళి ఉంటుంది. అక్కడెవరో ఎవరినో "ఇక్కడ" అని పిలుచుకుని ఉంటారు. స్పీకరుకి నోరే కాదు, చెవి కూడా ఉంటుంది. దాని ముందు మాట్లాడితే ఆ మాట తీగ వెంట వెనక్కి వస్తుంది, సన్నగా. నీకు వినిపించింది అదే.

ఎనిమిది దారులదే కొను. ఏడింటినీ కలుపు. నాన్న మాట మర్చిపోయావా? ఏ జతనీ వదిలెయ్యకూడదు. వదిలేసిన జత ఒకటి ఒరుసుకుపోయి హాల్లో యాంప్లిఫయరు ఎలా మాడిపోయిందో, జనం కుర్చీలు ఎలా విరిచారో నువ్వూ చూశావు. ఒక దారి ఖాళీగా మిగులుతుంది, మిగలనీ. మైకు మీద అన్ని గదులకీ వెళ్ళే బటన్ ఉంటుంది, అదే వాడుకో.

దుకాణం కుర్రాయనకి దీంతోపాటు పెట్టిన చీటీ చూపించు, వాదించడు. బిగించాక ఎలా ఉందో రాయి. నాకు ఈ సొరంగంలో నవ్వుకోవడానికి నీ ఉత్తరాలే దిక్కు.

నీ అన్నయ్య


జూలై 13

అన్నయ్యా,

నీ నోట్లో పంచదార పొయ్య! ఎంత బాగుందో. బల్ల మీద మైకు, ఎదురుగా బటన్. "అత్తయ్యా, ఎడమచేతి వైపు తలుపు" అంటాను, ఆవిడ తిరుగుతుంది. "అత్తయ్యా, పాలు తాగారా?" అంటాను, "తాగానే తల్లీ" అని వంటింట్లోంచి కేకేస్తుంది. పైనుంచి మాటొస్తుంటే మొదట్లో కప్పుకి నమస్కారం పెట్టేది. ఇప్పుడు అలవాటైంది. మెట్ల దగ్గర ఏడవడం మానేసింది. వచ్చినవాళ్ళకి కళ్ళజోడు పెడుతూ మధ్యలో మైకులో మాట్లాడితే, అద్దాల డాక్టరుగారికి పిచ్చెక్కిందని వీధిలో అనుకుంటున్నారట. అనుకోనీ.

ఒక చిక్కు మాత్రం ఉంది. టిక్ మంటోంది.

మొదట యాంప్లిఫయరు వేసినప్పుడే అనుకున్నాను. ఇప్పుడు ఆపేసి ఉన్నా అంటోంది. పగటిపూట, నేను పనిలో ఉన్నప్పుడు, ఒకసారి హాల్లో, ఒకసారి మేడమీద. అదీ ఒక పద్ధతిగా, ఒక గది తర్వాత ఇంకో గదిలో. నాన్న చేసేవాడే, అలా. అత్తయ్య ఆ ఆట మర్చిపోలేదు. మిగతావన్నీ మర్చిపోయింది గానీ దాన్ని మర్చిపోలేదు. టిక్ మంటే చాలు, ఆవిడ ఎక్కడున్నా ఆ గదికి వెళ్ళి "ఇక్కడ!" అంటుంది. అని కదలకుండా నిలబడుతుంది. నిన్న అన్నం పళ్ళెం వదిలేసి వెళ్ళి నిలబడింది. "రండత్తయ్యా, అన్నం చల్లారిపోతుంది" అంటే, "ఉండవే, వస్తున్నారు" అంది. ఎవరని అడిగితే నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది.

ఇంకోటి. పక్కింటికి తీగ పోయిందన్నావు. అల్మరా వెనక గోడకి అవతల పక్కిల్లు లేదు. ఖాళీ సందు. నేను వెళ్ళి గోడ తట్టి చూశాను, గట్టి గోడ. సందులో కూరగాయల బండి పెట్టుకునే ఆవిడ కనబడితే పాత ఇంటాయన గురించి అడిగాను. ఒంటరిగా ఉండేవాడట. ఎప్పుడు ఇల్లు వదిలి వెళ్ళాడో ఎవరూ చూడలేదట. తలుపులు లోపలినుంచి గడియలు వేసి ఉంటే తమ్ముడొచ్చి పగలగొట్టించి చూస్తే లోపల ఎవరూ లేరట. తర్వాత ఇల్లు అమ్మేశాడట. మాకు అమ్మింది ఆ తమ్ముడే. మాస్టారు దీన్ని కూడా నవ్వులో కలిపేశారు. "అప్పులవాళ్ళకి భయపడి కిటికీలోంచి దూకి ఉంటాడు" అన్నారు. మా కిటికీలన్నిటికీ ఊచలున్నాయి అన్నయ్యా.

ఈ టిక్ ఎందుకొస్తోందో చెప్పు. నవ్వులాటకి కాదు, నిజంగా అడుగుతున్నాను.

గుండుసూది


జూలై 21

గుండుసూదికి,

నిజంగా అడిగావు కాబట్టి నిజంగానే చెప్తున్నాను. ఆ పెట్టె తనంతట తాను నిద్రపోయి, తనంతట తాను లేచే రకం. లేచినప్పుడల్లా లోపల ఒక స్విచ్చి కొట్టుకుంటుంది, అదే టిక్. ఆపేసినా అంటోందంటే నువ్వు ముందున్న బటన్ నొక్కి ఊరుకున్నావు, గోడ దగ్గర ఆపలేదు. వెనక వైపు చిన్న మీట ఉంటుంది, దాన్ని ఎప్పుడూ మెలకువగా ఉండేట్టు పెట్టు. అయినా పోకపోతే దుకాణంలో మార్పించుకో.

పాత ఇంటాయన గురించి బండి ఆవిడ చెప్పేవి బెండకాయలతో పాటు కొనుక్కోకు. తమ్ముడు ఇల్లు అమ్మాలంటే అన్న సంతకం లేకుండా కుదురుతుందా? ఎక్కడో హాయిగా ఉండి ఉంటాడు.

అత్తగారిని మాత్రం ఆపకు. టిక్ మన్నప్పుడల్లా ఆవిడ "ఇక్కడ" అంటున్నారంటే అది నీకు మేలే కదా. ఆవిడ ఎక్కడున్నారో నీకు తెలిసిపోతుంది. వెతుక్కునే పని లేదు. వద్దని కసురుకుంటే చిన్నబుచ్చుకుంటారు. పలకనీ.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. రెండు చొక్కాలు ఉతికితే ఒకటే ఆరుతోంది.

నీ అన్నయ్య


ఆగస్టు 1

అన్నయ్యా,

అత్తయ్య కనిపించడం లేదు.

వరసగా రాస్తాను, లేకపోతే నాకే పిచ్చెక్కుతుంది. మొన్న పొద్దున్న మాస్టారు బడికి వెళ్ళాక వీధి తలుపు గడియ వేశాను. పెరటి తలుపు అంతకుముందే వేసి ఉంది. అత్తయ్యకి పాలిచ్చి, ఆవిడ గదిలో మంచం మీద కూర్చోబెట్టి వచ్చాను. నువ్వు చెప్పిన మీట తిప్పాను. గోడ దగ్గర స్విచ్చి కూడా తీసేశాను. పెట్టె మీద ఒక్క దీపం కూడా లేదు.

అద్దం మెషిన్ మీద పెట్టబోతుంటే టిక్ మంది. నా నెత్తిమీద. తర్వాత హాల్లో. తర్వాత అత్తయ్య గదిలో. ఆవిడ ఎప్పటిలాగే "ఇక్కడ!" అంది. నేను లేవలేదు. పలకనీ అన్నావు కదా, పలకనిచ్చాను. కాసేపటికి ఆవిడ గొంతు మళ్ళీ వినిపించింది. చాలా సంతోషంగా, "వచ్చావా? ఎంతసేపటినుంచి నిలబడ్డానో తెలుసా?" అంది. మాస్టారు ఏదో మర్చిపోయి వెనక్కొచ్చారనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది, తలుపు గడియ నేనే వేశానని.

అద్దం పగిలిపోయినా చూసుకోకుండా పరుగెత్తాను. గది ఖాళీ. పాల గ్లాసు పట్టుకుంటే ఇంకా వేడిగా ఉంది. కళ్ళజోడు మంచం మీద ఉంది. అది లేకుండా ఆవిడ అడుగు వెయ్యదు, నేనే చేసిచ్చాను దాన్ని. రెండు తలుపులకీ గడియలు వేసినవి వేసినట్టే ఉన్నాయి.

పోలీసులొచ్చారు. మంచాల కింద, మేడమీద, నీళ్ళ తొట్టిలో చూశారు. పరధ్యానంలో తలుపు తీసి మళ్ళీ వేశానేమోనని నన్నే తిప్పి తిప్పి అడిగారు. మాస్టారు రెండు రోజులుగా వాళ్ళమ్మ ఫోటో పట్టుకుని వీధులన్నీ తిరుగుతున్నారు. నన్ను ఒక్క మాటనలేదు. అంటే బాగుండేది.

ఆయన లేనప్పుడు మైకులో పిలిచాను. అన్ని గదుల్లోనూ నా గొంతే నాకు వినపడింది. అప్పుడు అల్మరా తెరిచి, ఏడో జతని పెట్టెలోంచి తీసి, బ్యాటరీ తాకించాను. చెవి దగ్గరగా పెట్టాను.

"ఇక్కడ" అంది. అత్తయ్యే. ఆవిడ గొంతు నాకు తెలియదా అన్నయ్యా?

తీగని మళ్ళీ కలిపేశాను. వదిలెయ్యడానికి చేతులు రాలేదు. నేనేం చెయ్యను? తొందరగా రాయి.

నీ చెల్లి


ఆగస్టు 7

చెల్లీ,

నీ ఉత్తరం చదివి సామాను సర్దుకున్నాను. కొండచరియ పడి దారి మూసుకుపోయింది. ఉత్తరాల సంచీని తాడు మీద అవతలికి లాగుతున్నారు, మనుషుల్ని దాటనివ్వడం లేదు. లేకపోతే ఈ కాగితం బదులు నేనే వచ్చేవాణ్ణి.

రెండు రోజులు కూర్చుని ఆలోచించాను. కరెంటు లేని స్పీకరు టిక్ మనాలంటే ఒకటే మార్గం. ఎవరో దాని తీగకి బ్యాటరీ తాకించాలి. మీ ఇంటి తీగలన్నీ అల్మరాలోకే వస్తాయి, అల్మరా దగ్గర ఎవరూ లేరు. కానీ ఏడో జతని మిగతా వాటితో కలిపించింది నేను. కలపకముందు దానంతట అది ఒక్క టిక్ కూడా రాలేదు. నీ ఉత్తరాలన్నీ మళ్ళీ తీసి చదివితే ఇప్పుడు కనిపించింది.

ఆ రోజు మనం దాన్ని పరీక్షించాం అనుకున్నాం. చెల్లీ, ఆ తీగ అవతలి చివరనుంచి ఎవరో మీ ఇంటిని పరీక్షిస్తున్నారు. ఏ గదిలో ఎవరున్నారో కనుక్కుంటున్నారు. "ఇక్కడ" అన్నవాళ్ళు కదలకుండా నిలబడాలి, పిలిచినవాళ్ళు వచ్చి చూసుకుంటారు. మన ఆటే. మనమే నేర్పాం. ఆవిణ్ణి పలకనిమ్మన్నది నేనే. ఇంత పని తెలిసినవాణ్ణి, నా చెల్లి భయపడి అడుగుతుంటే బెండకాయల జోకులు వేశాను. నన్ను నేను క్షమించుకోలేను.

ఆరు దారుల యాంప్లిఫయరు మీ ఇంటికి పంపమని దుకాణానికి రాశాను. ఎనిమిదిదాన్ని తీసెయ్. ఏడో జతని కత్తిరించి, కొసలు రెండూ వేరువేరుగా టేపు చుట్టి గోడలోకి తోసెయ్. బావకి ఇది కథలా చెప్పకు, ఒట్టు పెట్టి చెప్పు.

ఎవరు పిలిచినా పలకకు. ఎక్కడున్నావని అడిగితే అసలు పలకకు. నా గొంతుతో పిలిచినా సరే.

అన్నయ్య


ఆగస్టు 16

అన్నయ్యా,

అక్షరాలు వంకరగా ఉన్నాయని కంగారుపడకు. ఎందుకో చివర్లో చెప్తాను.

నువ్వు పంపిన పెట్టె ముందే వచ్చింది, ఉత్తరం తర్వాత వచ్చింది. రెండూ వచ్చాక కూడా నేను ఏడో జతని కత్తిరించలేదు. నన్ను తిట్టు. రోజూ మాస్టారు వెతకడానికి బయటికెళ్ళగానే అల్మరా తెరిచి బ్యాటరీ తాకించేదాన్ని. రోజూ అత్తయ్య "ఇక్కడ" అనేది. అంటే ఉంది కదా! ఉన్న మనిషిని కత్తిరించమంటే ఎలా? ఆ మాట తర్వాత ఆవిడ ప్రతిసారీ "నువ్వెక్కడే?" అని అడిగేది. నేను చెంగు నోట్లో కుక్కుకుని కూర్చునేదాన్ని. నాలుగు రోజులు అలా గడిపాను. ఆరు దారుల పెట్టె ముందు గదిలో కట్టు కూడా విప్పకుండా ఉంది. దాన్ని చూస్తే ఆవిణ్ణి లెక్కలోంచి తీసేసినట్టు అనిపించేది.

మాస్టారికి ఒట్టు పెట్టి చెప్పాను. ఆయన నవ్వలేదు. నమ్మనూ లేదు. నన్ను డాక్టరుకి చూపించాలని వాళ్ళ హెడ్‌మాస్టరుతో అన్నారట.

ఇవాళ మధ్యాహ్నం ఆయన అనుకోకుండా ముందే ఇంటికొచ్చారు. నేను అల్మరా దగ్గర ఉన్నాను, ఆయన రావడం చూడలేదు. బ్యాటరీ తాకించాను. ఈసారి ఆవిడ "ఇక్కడ" అనలేదు. నా అలికిడి కాదని ఎలా తెలిసిందో, "పెద్దోడా, వచ్చావా? ఎక్కడున్నావురా?" అంది. ఆరు గదుల్లోనూ వినిపించింది.

తిరిగి చూస్తే ఆయన హాల్లో ఉన్నారు. నేను లేచి ఆయన నోరు మూద్దామని పరుగెత్తాను. అందలేదు అన్నయ్యా. అన్ని రోజులు వీధులు తిరిగిన కొడుకు, వాళ్ళమ్మ గొంతు వింటే ఊరుకుంటాడా? "ఇక్కడేనమ్మా, హాల్లో ఉన్నాను!" అని అరిచారు. అరిచి, అక్కడే నిలబడిపోయారు.

హాల్లో టిక్ మంది.

వెనక్కి తిరిగి పటకారుతో ఏడో జతని పట్టుకున్నాను. అది చేతిలో వణికింది. అత్తయ్య, "అమ్మాయ్, ఏం చేస్తున్నావే? నాకు దారి తెలియదే" అంది. మెట్ల దగ్గర ఏడ్చిందే ఒకరోజు, అదే గొంతు. దారి చెప్పడానికే కదా నేను ఇవన్నీ కొన్నది. కత్తిరించాను. టేపు చుట్టి గోడలోకి తోసేశాను. ఎనిమిదిదాన్ని పీకేసి ఆరుదాన్ని బిగించాను. ఆరు దారులు, ఆరు జతలు, ఒక్కటీ మిగల్లేదు. మాస్టారు చెప్పిన లెక్క సరిపోయింది. అత్తయ్యని నేనే వదిలేశాను. ఈ మాట మాస్టారితో అనలేను, నీకు రాస్తున్నాను.

ఆయన కుర్చీలో కూర్చుని హాలు కప్పు వైపు చూస్తున్నారు. అప్పటినుంచి టిక్ రాలేదు. ఆయన పలికాక కత్తిరించాను కాబట్టి సరిపోయిందో, లేక ఆలస్యమైందో నాకు తెలియదు. అందుకే ఈ ఉత్తరం ఎడమచేత్తో రాస్తున్నాను. కుడిచేత్తో ఆయన మణికట్టు పట్టుకున్నాను. ఆయన వదలమంటున్నారు. నేను వదలను.

కొండ దారి తెరిచారని పేపర్లో చూశాను. వెంటనే బయలుదేరు. వీధి తలుపు దగ్గరగా వేసి ఉంచుతాను, గడియ పెట్టను. గుమ్మంలో నిలబడి నన్ను పిలవకు. నువ్వే అయినా నేను పలకను. నేరుగా లోపలికొచ్చి నా భుజం తట్టు.

నీ చెల్లి